ఈక్వలైజర్ మీద దుమ్ము గీతలు ఏం చెప్పాయి? | పాత పది బ్యాండ్ల స్టీరియో పెట్టె

టేబుల్ మీద ఉన్నది చూశారు కదా. నల్ల రేకు పెట్టె, ముందు వైపు వరసగా ఇరవై స్లైడర్లు. ఎడమ చానెల్‌కి పది, కుడి చానెల్‌కి పది. దీన్ని స్టీరియో గ్రాఫిక్ ఈక్వలైజర్ అంటారు. టేప్ రికార్డర్ల కాలంలో హాల్లో పెద్ద మ్యూజిక్ సిస్టమ్ ఉన్న ఇంట్లో యాంప్లిఫయర్ పైన ఇది కూర్చునేది. నా వయసు వాళ్లు చాలామంది దీన్ని చుట్టాలింట్లో చూసి, ముట్టుకుంటే తిట్లు తిని ఉంటారు.

దీన్ని పంపింది మన ఛానెల్ చూసే ఒకాయన. గాజువాక వైపు ఉంటారు. పెట్టె వాళ్ల నాన్నగారిది. సొంతిల్లు ఖాళీ చేసి అపార్ట్‌మెంట్‌కి మారుతున్నారు, సామాను తగ్గించుకోవాలి. ఆయన అడిగింది ఒక్కటే ప్రశ్న: "బ్రో, ఇది బాగు చేయించి ఉంచాలా, పాత సామాన్ల వాడికి ఇచ్చేయాలా? నాన్న మాత్రం ఇవ్వనంటున్నారు. ఎందుకో చెప్పరు." ఆ ప్రశ్నకి జవాబు నాకు సర్క్యూట్‌లో దొరకలేదు, స్లైడర్ల పక్కన పేరుకున్న దుమ్ములో దొరికింది. అక్కడికి వస్తాను. వాళ్లు ఒప్పుకున్నాకే ఈ వీడియో చేస్తున్నాను, పేర్లు మాత్రం చెప్పను.

ముందు ఇది ఏం చేస్తుందో చూద్దాం.

మామూలు యాంప్లిఫయర్‌కి బాస్, ట్రెబుల్ అని రెండు నాబ్‌లు ఉంటాయి. బాస్ తిప్పితే కింది శబ్దాలన్నీ కలిసి పెరుగుతాయి, ట్రెబుల్ తిప్పితే పైవన్నీ కలిసి పెరుగుతాయి. మధ్యలో ఉన్న గొంతుని మాత్రమే కొంచెం ముందుకి తేవాలంటే కుదరదు. ఈక్వలైజర్ ఆ పనికే. మనకి వినపడే శబ్దాన్ని పది ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి ఒక్కో స్లైడర్ ఇస్తుంది. కింద నుంచి పైకి లెక్క ఇలా ఉంటుంది: 31, 63, 125, 250, 500 హెర్ట్జ్, తర్వాత 1000, 2000, 4000, 8000, 16000. గమనించండి, ప్రతిదీ ముందు దానికి రెట్టింపు. సంగీతం వచ్చినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది, ఇది ఒక స్థాయి. మంద్ర షడ్జం నుంచి మధ్య షడ్జానికి, అక్కడి నుంచి తార షడ్జానికి ఎలా రెట్టింపు అవుతుందో అదే లెక్క.

స్లైడర్ నడిమికి ఉంటే సున్నా. అంటే వచ్చిన శబ్దం వచ్చినట్టే పోతుంది. పైకి తోస్తే ప్లస్ 12 డెసిబెల్స్ దాకా, కిందికి లాగితే మైనస్ 12 దాకా. పది స్లైడర్లని వరసగా చూస్తే కంటికి ఒక గీత గీసినట్టు, ఒక గ్రాఫ్‌లాగా కనపడుతుంది. గ్రాఫిక్ అనే పేరు అందుకే వచ్చింది, బొమ్మలతో దానికి సంబంధం లేదు.

ఈ నంబర్లు ఉత్తి నంబర్లుగా ఉంటే బుర్రకెక్కవు. మన ఊరి శబ్దాలతో చెప్తాను. పోర్టులోకి పెద్ద ఓడ వస్తుంటే హారన్ వినే ఉంటారు, కడుపులో మోగినట్టుంటుంది. సముద్రంలో ఓడలు ఢీకొనకుండా ఉన్న అంతర్జాతీయ నిబంధనల్లో ఆ హారన్ ఏ శ్రుతిలో ఉండాలో కూడా రాశారు. 200 మీటర్లు, అంతకంటే పొడవున్న ఓడకి 70 నుంచి 200 హెర్ట్జ్ మధ్య ఉండాలి. చిన్న ఓడైతే ఇంకా పైకి, 75 మీటర్ల లోపు వాటికి 250 నుంచి 700. అంటే కళ్లు మూసుకుని హారన్ విన్నా, వచ్చేది పెద్దదో చిన్నదో తెలియాలని. మన పెట్టెలో ఆ పెద్ద ఓడ ఉండేది 125 స్లైడర్ చుట్టుపక్కల.

ఇప్పుడు తప్పెటగుళ్లు తీసుకోండి. మన ఉత్తరాంధ్ర వాళ్లకి చెప్పక్కర్లేదు. గుండెల మీద రేకు తప్పెట కట్టుకుని, కాళ్లకి గజ్జెలు కట్టుకుని, పాడుతూ ఎగురుతూ ఆడతారు. ఆ రికార్డింగ్ పెట్టి స్లైడర్లు ఒక్కొక్కటి కదిపి చూశాను. 250, 500 పెంచితే పాడేవాళ్ల గొంతు లావవుతుంది. 1000, 2000 దగ్గర తప్పెట మీద చెయ్యి పడిన దెబ్బ ముందుకొస్తుంది. 8000 పెంచితే గజ్జెలు గదిలోకి వచ్చేస్తాయి. 16000 తగ్గించేస్తే ఏం పోయిందో చెప్పలేం గానీ, బయలు మీద ఆడుతున్నవాళ్లు తలుపేసిన గదిలోకి వెళ్లిపోయినట్టుంటుంది.

మరి 4000? ఈ ఎపిసోడ్ అంతా ఆ స్లైడర్ గురించే. మాటల్లో స, శ, చ, త, ఫ లాంటి హల్లుల పదును ఎక్కువగా 2000 నుంచి పైకి ఉంటుంది. అచ్చుల బలం కింద ఉంటుంది. కింద ఉన్నవి ఉండి పైనవి పోతే ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో తెలియదు. దీన్ని గుర్తుపెట్టుకోండి.

కొంచెం చరిత్ర. ఈక్వలైజ్ అంటే సమానం చేయడం. ఈ మాట సంగీతం వాళ్లది కాదు, టెలిఫోన్ వాళ్లది. మైళ్ల కొద్దీ తీగలో ప్రయాణం చేస్తే గొంతులో పై శబ్దాలు తరిగిపోయేవి. తరిగినంత మేర మళ్లీ పెంచి, మాట్లాడినప్పుడు ఎలా ఉందో అలా సమానం చేసే సర్క్యూట్‌ని ఈక్వలైజర్ అన్నారు. అంటే పుట్టుకతోనే ఇది పోయినదాన్ని పూడ్చే వస్తువు. రుచి కోసం వాడటం తర్వాత వచ్చింది.

అదే టెలిఫోన్ ప్రపంచంలో, అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లో ఒక పని చేశారు. మనిషి చెవి అన్ని శ్రుతుల్నీ సమానంగా వినదని కొలిచి గీతలు గీసి చూపించారు. వాల్యూమ్ తక్కువగా ఉంటే బాస్ మనకి దాదాపు వినపడదు, 3000, 4000 దగ్గర మాత్రం చెవి చాలా చురుకు. మన విశాఖ పోర్టు మొదలైంది కూడా ఆ 1933లోనే, అలా గుర్తుపెట్టుకోవచ్చు. పాత యాంప్లిఫయర్ల మీద లౌడ్‌నెస్ అని ఒక బటన్ ఉంటుంది చూడండి, అది ఆ గీతల పుణ్యమే. బాస్, ట్రెబుల్ నాబ్‌ల సర్క్యూట్‌ని పీటర్ బాక్సండాల్ అనే ఇంగ్లాండ్ ఇంజనీర్ 1952లో వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో ప్రచురించారు, ఇప్పటికీ మన దగ్గర దొరికే యాంప్లిఫయర్ బోర్డుల్లో దాని పిల్లలే ఉన్నాయి. స్లైడర్ల ఈక్వలైజర్లు ముందు సినిమా స్టూడియోల్లో, థియేటర్లలో వాడారు. ఇళ్లలోకి వచ్చింది ఎక్కువగా 1970లు, 80లలో. పయొనీర్, టెక్నిక్స్, యమహా, జేవీసీ ఒకదాన్ని మించి ఒకటి చేశాయి. టెక్నిక్స్ ఎస్‌హెచ్-8065లో అయితే ఏకంగా 33 బ్యాండ్లు.

ఆ సెట్లు మన ఇళ్లకి తిన్నగా షాపు నుంచి రావడం తక్కువ. దిగుమతి సుంకాలు అలా ఉండేవి. గల్ఫ్‌కి వెళ్లినవాళ్లు తెచ్చేవారు, ఓడల మీద పనిచేసినవాళ్లు తెచ్చేవారు. పోర్టు ఊరు కాబట్టి మన దగ్గర ఫారిన్ సరుకు అనే మాటకి విలువ ఎక్కువ. అంత స్తోమత లేనివాళ్లకి ఉన్న దారి అసెంబుల్డ్ సెట్. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్, బొంబాయిలో లామింగ్టన్ రోడ్. అక్కడి నుంచి బోర్డు, ట్రాన్స్‌ఫార్మర్, క్యాబినెట్ తెప్పించి, మన వీధిలో రేడియో మెకానిక్ కూర్చుని సోల్డర్ చేసి ఇచ్చేవాడు. మీ ముందున్నది అదే రకం. మీద పేరు లేదు. వెనక డబ్బాకి రంధ్రాలు చేత్తో వేసినవి, ఒకటి కొంచెం వంకరగా ఉంది.

మూత తీద్దాం. ప్లగ్ పీకి పది నిమిషాలు ఆగండి, పెద్ద కెపాసిటర్లలో కరెంటు మిగిలి ఉంటుంది.

లోపల చూడండి, ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన ఎనిమిది కాళ్ల చిప్స్ వరసగా. 4558 అని ఉంది. అది రెండు ఆప్-ఆంప్‌లు ఉన్న ఐసీ, చవక, ఇప్పటికీ దొరుకుతుంది. ఇక్కడ నాకు బాగా నచ్చే విషయం ఒకటుంది.

ఒక్కో బ్యాండ్‌ని విడదీయాలంటే ఒక కాయిల్, ఒక కెపాసిటర్ కలిపిన సర్క్యూట్ కావాలి. 31 హెర్ట్జ్ బ్యాండ్‌కి 4.7 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టామనుకోండి, కాయిల్ ఐదు హెన్రీలకి పైన రావాలి. అంటే ఇనప కోర్ మీద వేల చుట్లు. ట్యూబ్‌లైట్ చోక్ లాంటిది ఊహించుకోండి, దానికంటే పెద్దది. ఒక్క బ్యాండ్‌కే అలాంటివి ఎడమకి ఒకటి, కుడికి ఒకటి. బరువు, ఖర్చు, పైగా ట్రాన్స్‌ఫార్మర్ హమ్ అంతా పీల్చుకుంటుంది. అందుకే ఇందులో కాయిల్ ఒక్కటీ లేదు. ఒక ఆప్-ఆంప్, రెండు రెసిస్టర్లు, ఒక చిన్న కెపాసిటర్ కలిపి కాయిల్‌లాగా ప్రవర్తించేటట్టు చేశారు. దీన్ని జైరేటర్ అంటారు.

లెక్క చాలా సులువు. రెండు రెసిస్టర్లని, కెపాసిటర్‌ని గుణిస్తే వచ్చేదే ఆ దొంగ కాయిల్ విలువ. 470 ఓమ్స్, లక్ష ఓమ్స్, 0.12 మైక్రోఫారడ్. గుణించండి, 5.6 హెన్రీలు. దీన్ని 4.7 మైక్రోఫారడ్‌తో కలిపితే 31 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. గోరంత జాగాలో ఇటుకంత కాయిల్. నేను కొన్నేళ్లు కోడ్ రాసి బతికినవాణ్ణి కాబట్టి నాకిది చూస్తే ఎమ్యులేటర్ గుర్తొస్తుంది. అసలు మెషిన్ ఉండదు, దాని ప్రవర్తన మాత్రం ఉంటుంది. పైనున్న సర్క్యూట్‌కి తేడా తెలియదు.

సరే, జబ్బు ఏంటి? స్లైడర్ కదిపితే గరగర. కుడి చానెల్ ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. ఈ రెంటికీ మన ఊళ్లో ఒకే కారణం ఎక్కువ. కంచరపాలెం వైపు నాకు పని నేర్పిన ఒక పాత మెకానిక్ ఉన్నారు, ఆయనకి చూపిస్తే మూత కూడా తియ్యకుండా అన్నారు: "ఉప్పుగాలి తినేసినాది బాబూ. ఇదేటి, ఈ ఊళ్లో కిటికీ ఊచలే ఆగవు, ఇదెంత." సముద్రపు తేమ, దాంట్లో ఉప్పు, దానికి తోడు గాల్లో దుమ్ము. స్లైడర్ లోపల ఒక కార్బన్ పట్టీ మీద చిన్న లోహపు కాలు జారుతుంది. ఆ కాలు నల్లబడినా, పట్టీ మీద మురికి చేరినా గరగర మొదలవుతుంది.

చేసే పద్ధతి చెప్తాను. కాంటాక్ట్ క్లీనర్ స్లైడర్ సందులో రెండు చుక్కలు చాలు, డబ్బా మొత్తం కొట్టొద్దు. పైకీ కిందికీ ఒక ముప్పైసార్లు జరపండి. ఆరనివ్వండి. ఆ తర్వాతే కరెంటు. తుప్పు వదిలించే స్ప్రేలు, కొబ్బరినూనె, కుట్టు మిషన్ నూనె వాడొద్దు. ఆ రోజుకి బాగానే ఉంటుంది, తర్వాత దుమ్మంతా దానికే అంటుకుంటుంది. వెనక ఆర్‌సీఏ సాకెట్లు పచ్చబడి ఉన్నాయి, వాటిని ఆల్కహాల్‌తో తుడిచాను. విద్యుత్ సరఫరా దగ్గర రెండు ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు పైన ఉబ్బి ఉన్నాయి, మార్చేశాను. కుడి చానెల్‌లో ఒక సోల్డర్ జాయింట్ పగిలింది, మళ్లీ అతికించాను. పనంతా ఒక సాయంత్రం.

అయితే ఇవన్నీ మొదలుపెట్టేముందు ఒక పని చేయాలి. స్లైడర్లు ఎక్కడున్నాయో ఫోటో తీసుకోండి. క్లీన్ చేసేటప్పుడు ఎలాగూ కదులుతాయి, యజమాని పెట్టుకున్న సెట్టింగ్ పోతుంది. ఇదిగో ఆ ఫోటో.

మామూలుగా పాత ఈక్వలైజర్ ఏది చూసినా నవ్వు మొహం కనిపిస్తుంది. బాస్ పైకి, ట్రెబుల్ పైకి, మధ్యలో కిందికి. కుర్రాళ్ల సెట్టింగ్ అది. ఇక్కడ నవ్వు లేదు. 31 నుంచి 1000 దాకా దాదాపు సున్నా. 2000 కొంచెం పైకి. 4000 రెండు చానెళ్లలోనూ కొస దాకా, ప్లస్ 12. 8000 దాని కంటే కాస్త కింద. 16000 మళ్లీ సున్నా. ఒంటె మూపురంలాగా ఒకే చోట గుట్ట. దుమ్ము గీతలు చూస్తే ఇంకా స్పష్టం. ఆ స్లైడర్ల కింద ఉన్న రేకు మెరుస్తోంది, పైన జిడ్డు మట్టి. ఏళ్ల తరబడి ఆ జాగా నుంచి కదల్లేదు.

ఒక సెట్టింగ్ ఇలా ఉందంటే కారణాలు కొన్ని ఉండొచ్చు, ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోవాలి. మొదటిది కాసెట్లు. డూప్లికేట్ కాసెట్లలో పై శబ్దాలు పోతాయి. కానీ అప్పుడు 16000 కూడా పైకి తోస్తారు, ఇక్కడ తొయ్యలేదు. రెండోది రేడియో. మీడియం వేవ్‌లో స్టేషన్‌కి స్టేషన్‌కి మధ్య దూరం 9 కిలోహెర్ట్జ్ మాత్రమే, అందుకని సెట్‌లో దాదాపు 4500 దాటి ఏమీ మిగలదు. మీడియం వేవ్ వినడానికి 8000 పెంచితే వచ్చేది గరగరే, అలా ఎవరూ ఉంచుకోరు. మూడోది స్పీకర్లు. ట్వీటర్ కాలిపోయి ఉండొచ్చు. స్పీకర్లు కూడా పంపమన్నాను. మైక్ పెట్టి, అన్ని శ్రుతులూ ఉండే హోరు శబ్దం వేసి కొలిచాను. 4000 దగ్గర రెండూ ఆరోగ్యంగా ఉన్నాయి. పెట్టె బాగుంది, స్పీకర్ బాగుంది. ఇంకా మిగిలింది వినేవాళ్ల చెవి.

అబ్బాయికి ఫోన్ చేసి మూడే అడిగాను. నాన్నగారు ఎక్కడ పనిచేసేవారు? ఒక ఫ్యాక్టరీలో, యంత్రాల దగ్గర, ముప్పై ఏళ్ల పైమాటే. ఇంట్లో టీవీ సౌండ్ ఎంత పెడతారు? "అబ్బో, పక్కింటికి వినపడేంత." మాట్లాడితే ఏమంటారు? "వినపడుతోంది గానీ అర్థం కావట్లేదు, నోరు తెరిచి మాట్లాడండిరా అంటారు. మేం ఆయన పట్టించుకోవట్లేదని అనుకుంటాం."

ఇక్కడ కొంచెం శాస్త్రం. మన చెవి కాలువ పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. ఒక చివర కర్ణభేరి మూసి ఉంటుంది. ఒక వైపు మూసిన గొట్టంలో ఊదితే ఒక శ్రుతి గట్టిగా పలుకుతుంది కదా, ఈ పొడవుకి ఆ శ్రుతి మూడు వేల పైచిలుకు హెర్ట్జ్. పసిపిల్ల ఏడుపు, మాటలోని పదును మనకి అంత బాగా తెలియడానికి అదొక కారణం. అదే మనకి శాపం కూడా. పెద్ద చప్పుడులో ఏళ్ల తరబడి ఉంటే ముందు దెబ్బతినేది ఆ పక్కనే, 4000 చుట్టూ. లోపల చెవిలో ఉండే సన్నని వెంట్రుకల కణాలు చచ్చిపోతాయి, మనుషుల్లో అవి మళ్లీ పుట్టవు. వినికిడి పరీక్ష తీస్తే గ్రాఫ్‌లో 4000 దగ్గర ఒక గుంట కనిపిస్తుంది, 8000 దగ్గర మళ్లీ కొంచెం లేస్తుంది. చప్పుడు వల్ల వచ్చిన చెవుడికి డాక్టర్లు చూసే గుర్తు అది. గుంటని తలకిందులు చేయండి. మన ఫోటోలో ఉన్న గుట్ట వస్తుంది.

ఆ పెద్దాయన్ని కలిశాను. పెట్టె తీసుకెళ్లి బిగించి, పాట వేశాను. స్లైడర్లన్నీ సున్నా మీద పెట్టి "ఎలా ఉందండి?" అని అడిగాను. "పాట వస్తంది బాబూ, మాట రావట్లేదు" అన్నారు. 4000 పైకి తోశాను. నాకు పళ్లు జివ్వుమన్నాయి, ఆయన మొహం విప్పారింది. "ఇదిగో, ఇప్పుడు చెప్తున్నాడు" అన్నారు. తర్వాత మెల్లగా అన్నారు, "ఈ పెట్టె ముందు కూచుంటేనే నాకు మాటలు తెలుస్తాయి. మిగతా చోట అందరూ నోట్లో వక్క పెట్టుకుని మాట్లాడినట్టుంటాది. ఇంట్లో చెప్తే చెవుడొచ్చింది అంటారని ఊరుకున్నాను."

వాళ్లబ్బాయి పక్కనే ఉన్నాడు. ఏమీ అనలేదు. తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

ఆ వారంలోనే వినికిడి పరీక్ష చేయించారు. రెండు చెవుల్లోనూ 4000 దగ్గర గుంట ఉంది. నేను డాక్టర్‌ని కాను, స్లైడర్లు చూసి జబ్బు చెప్పడం నా పని కాదు, నేను చెప్పిందల్లా వెళ్లి పరీక్ష చేయించుకోమనే. మన ఊళ్లో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది, ప్రైవేటులోనూ ఆడియాలజిస్టులు ఉన్నారు. నొప్పి ఉండదు, సూది ఉండదు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని బీప్ వినపడినప్పుడు చెయ్యెత్తడమే.

మనది పోర్టు, ఉక్కు, షిప్‌యార్డ్ ఉన్న ఊరు. చప్పుడులో పనిచేసే వాళ్లు లేని వీధి ఉండదు. ఫ్యాక్టరీల చట్టం కింద మన దేశంలో పాటిస్తూ వచ్చిన పరిమితి రోజుకి ఎనిమిది గంటలకి 90 డెసిబెల్స్. 95 అయితే నాలుగు గంటలు, 100 అయితే రెండు గంటలు. ఎదురుగా ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తోందంటే మీరు ఆ గీతకి దగ్గర్లో ఉన్నట్టే. ఇయర్ ప్లగ్స్ ఇస్తే పెట్టుకోండి. ఉక్కపోస్తోందని జేబులో వేసుకుంటే జేబుకి చెవుడు రాదు, మనకొస్తుంది. డీజే బాక్సుల పక్కన ఊరేగింపులో నాలుగు గంటలు ఎగిరే తమ్ముళ్లకీ ఇదే లెక్క.

ఇప్పుడు ముఖ్యమైన మాట. ఇది చూసి ఇంట్లో పెద్దవాళ్లకి ఈక్వలైజర్ కొనిచ్చేయకండి. ఈక్వలైజర్ హియరింగ్ ఎయిడ్ కాదు. ప్లస్ 12 డెసిబెల్స్ అంటే వోల్టేజీ నాలుగు రెట్లు, పవర్ దాదాపు పదహారు రెట్లు. మెల్లటి శబ్దానికీ అంతే పెంచుతుంది, గట్టి శబ్దానికీ అంతే పెంచుతుంది. గట్టి శబ్దం ఇంకా గట్టిదై, ఉన్న కణాలు కూడా పోవచ్చు. పైగా ట్వీటర్ కాలుతుంది. మంచి హియరింగ్ ఎయిడ్ మెల్లటి మాటని ఎక్కువ పెంచి, గట్టి చప్పుడుని తక్కువ పెంచుతుంది. ఒక్కో మనిషి గ్రాఫ్‌కి తగ్గట్టు ఒక్కో బ్యాండ్‌ని విడిగా సరిచేస్తుంది. అంటే ఈ పెట్టె తాత, అది మనవడు. మనవడు చెవి వెనక పడతాడు, కూరగాయల బేరం దగ్గరికి కూడా వస్తాడు. ఈ తాత హాలు దాటి రాలేడు.

మీ ఇంట్లో ఈక్వలైజర్ ఉన్నా, ఫోన్‌లో ఐదు గీతల యాప్ ఉన్నా, వాడే పద్ధతి ఒకటే. అన్నీ సున్నాతో మొదలుపెట్టండి. పెంచే ముందు తగ్గించి చూడండి. మాట స్పష్టంగా లేదంటే 250 ఒక మూడు డెసిబెల్స్ తగ్గించండి, చాలాసార్లు అదే చాలు. మన ఇళ్లలో టైల్స్ నేల, సిమెంటు గోడలు, గది గుయ్యిమంటుంది. ఎదురెదురు గోడల మధ్య పది అడుగులుంటే 57 హెర్ట్జ్ దగ్గర గది తనంతట తానే మోగుతుంది. 63 స్లైడర్ కొంచెం దించితే ఆ మోత తగ్గుతుంది. ఏదైనా బాగా పెంచాల్సి వస్తే మొత్తం వాల్యూమ్ తగ్గించుకోండి. యాంప్లిఫయర్ వెనక టేప్ ఇన్, టేప్ అవుట్ అని ఉన్న చోట ఈ పెట్టె కలపాలి, స్పీకర్ తీగల్లో కాదు.

మరి ఉంచాలా, అమ్మాలా? అమ్మితే పెద్దగా రాదు, పేరున్న జపాన్ సెట్ కాదు కదా. కొత్త ఫ్లాట్ హాల్లో టీవీ కింద దానికి ఒక అర కేటాయించారు. పెద్దాయనకి హియరింగ్ ఎయిడ్ ట్రయల్ నడుస్తోంది. మొదటి రోజు ఫ్యాన్ చప్పుడు, గిన్నెల చప్పుడు చూసి చిరాకు పడి తీసేశారట. అది మామూలే, మెదడు అలవాటు పడటానికి వారాలు పడుతుంది, రోజుకి కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవాలి. ఎయిడ్ పెట్టుకుని పాటలు వినేటప్పుడు మాత్రం 4000 స్లైడర్ సున్నాకి దించమని చెప్పాను. రెండుసార్లు పూడిస్తే గుంట గుట్ట అవుతుంది. ఆయన ఒకటే షరతు పెట్టారు. ఎయిడ్ తీసిన రాత్రి పూట, వాల్యూమ్ తక్కువ పెట్టుకుని, స్లైడర్ తన ఇష్టం. సరేనన్నాను. అబ్బాయి ఆ జాగాలో రేకు మీద తెల్ల పెయింట్‌తో చిన్న చుక్క పెట్టాడు, నాన్న చీకట్లో వెతుక్కోకుండా.

ఈ వారం మీ ఇంట్లో ఒక పని చేయండి. అమ్మానాన్నలు టీవీ ఏ నంబర్ మీద పెట్టుకుంటున్నారో చూడండి, రెండేళ్ల కిందట ఎంతుండేదో గుర్తు తెచ్చుకోండి. "ఏంటీ, మళ్లీ చెప్పు" అని అడిగితే విసుక్కోకుండా ఎదురుగా వచ్చి చెప్పండి, పెదాలు కనపడేలా. తేడా ఎక్కువగా అనిపిస్తే పరీక్షకి తీసుకెళ్లండి.

జైరేటర్ లెక్క అర్థం కానివాళ్లు కామెంట్‌లో అడగండి, బోర్డు మీద గీసి చూపిస్తాను. వచ్చే ఎపిసోడ్‌లో కాసెట్ డెక్ బెల్ట్ మార్చడం చూద్దాం. నచ్చితే సబ్‌స్క్రైబ్ చేయండి. అంతదాకా చెవులు జాగ్రత్త.